పొలిమేర మీది ఆటస్థలము

ఇంగ్లండు దేశమున వాయవ్యదిశగా, డీ నది యొడ్డున, చెస్టరు అను పురాతన నగరము కలదు. దాదాపు రెండువేల సంవత్సరముల క్రిందట రోమను సైనికులు అచ్చట కోట కట్టి, నది పేరునుబట్టి దానికి ‘డీవా’ యని పేరిడిరి. ఆనాటి పునాదులను ఆధారము చేసికొని తరువాతి తరములవారు పెంచి కట్టిన ప్రాకారము నేటికిని నగరమును చుట్టి యున్నది. నగరవాసులును, యాత్రికులును ఆ గోడలమీద కాలినడకను విహరింతురు.

చెస్టరునకు పడమటివైపున కొలది దూరములోనే వేల్సు దేశము మొదలగును. ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు అను నాలుగును కలిసి యునైటెడ్ కింగ్‌డమ్ అను ఒకే రాజ్యముగా నున్నవి. కావున ఇంగ్లండునకును వేల్సునకును నడుమ గోడ లేదు, కంచె లేదు, రాకపోకలను ఆపు కాపలావారును లేరు. చెస్టరువారు వేల్సులో ఉద్యోగములకు పోవుదురు. వేల్సువారు చెస్టరు అంగళ్లకు వత్తురు. ఒక దేశము ఎచ్చట ముగిసి మరియొకటి ఎచ్చట మొదలైనదో విచారించు అవసరము సామాన్యముగా ఎవరికిని కలుగదు.

ఈ పొలిమేర గీత ఒక ఫుట్‌బాలు క్రీడాప్రాంగణము గుండా పోవుచున్నది. చెస్టరు ఫుట్‌బాలు క్లబ్బునకు నెలవైన ఆ ప్రాంగణము 1992లో తెరువబడినది. రోమనులనాటి నామమే దానికి నిలిచి ‘డీవా’ ప్రాంగణమని ప్రసిద్ధి వహించినది. దాని ప్రధానద్వారమును, కార్యాలయమును ఇంగ్లండులో నున్నవి. ఆట జరుగు పచ్చిక మైదానము మాత్రము వేల్సులోని ఫ్లింట్‌షైరు మండలమునకు చేరినది. ప్రేక్షకుడు ద్వారము దాటి కొలది అడుగులు వేయునంతలో దేశము మారిపోవును. ఆ సంగతి అతని మనసునకైనను రాదు. ఆటగాడు మధ్యగీతను దాటించి బంతిని తన్నినచో అది ఒక దేశమునుండి వేరొక దేశమునకు పోవునని కొందరు పరిహాసముగా చెప్పుదురు. అది నిజము కాదు. పచ్చిక అంతయు వేల్సులోనిదే.

ఇందునకు సరిగా విపరీతమైన మరియొక ఉదాహరణము కూడ ఆ ప్రాంతముననే కలదు. ‘ది న్యూ సెయింట్స్’ అను క్లబ్బు వేల్సులోని ఒక పల్లెలో పుట్టి పెరిగినది. అది 2007 నుండి ఇంగ్లండులోని ఆస్వెస్ట్రీ పట్టణమున ఆడుచున్నను, పాల్గొనునది మాత్రము వేల్సు దేశపు పోటీలలోనే. పొలిమేరలోని జీవనమునకు ఇట్టి చిక్కుముడులు సహజము. అవి శాంతికాలమున వినోదమును గొలుపును. కష్టకాలమున ప్రశ్నలై నిలుచును.

చెస్టరు క్లబ్బు ధనవంతుల సొత్తు కాదు. 1885లో స్థాపింపబడిన చెస్టరు సిటీ అను పూర్వపు క్లబ్బు అప్పులలో మునిగి, సుమారు 26 వేల పౌండ్ల పన్ను బాకీ కారణముగా 2010 మార్చిలో న్యాయస్థానము ఉత్తర్వుచే మూతపడినది. నూట పాతిక సంవత్సరముల చరిత్ర ఒక్కనాటితో ముగిసినట్లు తోచెను. అయినను అభిమానులు అధైర్యపడలేదు. వారందరు కలిసి సంఘముగా ఏర్పడి, ఆ సంవత్సరమే నూతన క్లబ్బును నెలకొల్పిరి. ఆ సంఘమున ప్రతి సభ్యునకును ఒకే ఓటు. ధనము ఎక్కువ యిచ్చినవారికి ఓట్లు ఎక్కువ లేవు. క్రింది తరగతి పోటీలలో మొదటి అడుగు వేసిన ఆ జట్టు వరుసగా మూడు సంవత్సరములు విజేతయై, ఏటేట పై తరగతికి ఎక్కినది. పెద్ద జట్లకు దూరదర్శన ప్రసారముల వలన విశేషధనము లభించును. ఇట్టి చిన్న జట్టునకు అట్టి ఆదాయము లేదు. ఆటనాడు ద్వారమువద్ద టికెట్టు కొను ప్రేక్షకుడే దానికి పోషకుడు. ఆటగాండ్ర జీతములు, పచ్చిక పోషణము, విద్యుద్దీపముల ఖర్చు ఇవన్నియు ముఖ్యముగా ఆ రాబడినుండియే నెరవేరవలెను.

ఇట్లుండగా కరోనా మహమ్మారి ప్రపంచమున వ్యాపించెను. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించినది. జనులు గుమిగూడుచోట్లన్నియు మూతపడినవి. చెస్టరు ఆడుచున్న నేషనల్ లీగు ఉత్తర విభాగపు 2020-21 పోటీలు 2021 ఫిబ్రవరిలో అర్ధాంతరముగా ఆగి, రద్దయినవి. తరువాత టీకాల వలన ప్రేక్షకులు తిరిగి ప్రాంగణములకు చేరుటతో క్లబ్బులు ఊపిరి పీల్చుకొనినవి. ఆ సంతోషము నిలువక మునుపే, 2021 నవంబరులో ‘ఒమిక్రాన్’ అను నూతన రూపమున వ్యాధి బయలుదేరినది. అది పూర్వరూపముల కంటె త్వరితముగా వ్యాపింపసాగెను.

యునైటెడ్ కింగ్‌డమ్‌లో ప్రజారోగ్యమునకు సంబంధించిన అధికారము అంతయు లండను నగరముననే కేంద్రీకృతమై లేదు. 1997లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణము ననుసరించి 1999లో వేల్సునకు ప్రత్యేక శాసనసభ ఏర్పడినది. వేల్సు దేశపు ఆస్పత్రుల పాలన, ఆరోగ్య వ్యవహారములు కార్డిఫ్ నగరమునందలి ప్రభుత్వము చేతిలో నున్నవి. కనుక ఒకే వ్యాధికి రెండు ప్రభుత్వములు రెండు విధములుగా నియమములు చేసినవి. ఇంగ్లండు ప్రభుత్వము బూస్టరు టీకాలను త్వరగా వేయించుటపై ముఖ్యముగా ఆధారపడినది. ఆరుబయట నిలుచుండి చూచు వేడుకలకు 4,000 మందికి మించి వచ్చినను, ఏ వేడుకకైనను 10,000 మందికి మించి వచ్చినను, టీకా వేసికొన్నట్లుగాని వ్యాధి లేనట్లుగాని ప్రేక్షకులు నిదర్శనము చూపవలెనని విధించినది. అంతకు తక్కువైన జనసమూహమునకు అట్టి నిర్బంధము లేదు. వేల్సు ప్రభుత్వము ఇంతకంటె జాగ్రత్త అవసరమని తలచినది. 2021 డిసెంబరు 26 నుండి ఆరుబయటి క్రీడలకు 50 మందికి మించి ప్రేక్షకులు చేరరాదని శాసించినది. నష్టపోవు క్రీడాసంఘములకై 30 లక్షల పౌండ్ల సహాయనిధిని కూడ ప్రకటించినది.

డిసెంబరు 28న చెస్టరు జట్టు తన ప్రాంగణమున ఒక పోటీ ఆడినది. 2022 జనవరి 2న మరియొకటి ఆడినది. ఒక్కొక్క ఆటకు 2,000 మందికి పైగా ప్రేక్షకులు వచ్చిరి. ఇంగ్లండు నియమముల ప్రకారము అందు దోషము లేదు. వేల్సు నియమముల ప్రకారము అది అనుమతించిన సంఖ్యకు నలుబది రెట్లు.

అంతట ఫ్లింట్‌షైరు మండల పాలకవర్గమును, ఉత్తర వేల్సు పోలీసుశాఖయు కలిసి క్లబ్బునకు లేఖ వ్రాసిరి. మైదానము వేల్సులో నున్నది గనుక వేల్సు నియమములు వర్తించుననియు, ఆ రెండు ఆటలును వానికి విరుద్ధముగా జరిగినట్లు కనబడుచున్నదనియు అందు హెచ్చరించిరి. లేఖ చూచి క్లబ్బువారు నిర్ఘాంతపోయిరి. వారి వాదము నిరాధారమైనది కాదు. క్లబ్బు ఇంగ్లండులో నమోదైన సంస్థ. అది ఆడునది ఇంగ్లండు పోటీలలో. ప్రాంగణపు స్థలము చెస్టరు ప్రాంతపు పాలకవర్గమునకు చెందినది. మహమ్మారి ఆరంభమైన నాటినుండియు వారు ఇంగ్లండు నియమములనే అనుసరించుచు వచ్చిరి. ‘ఇన్నాళ్లు లేని పొలిమేర ఈనాడు ఎచ్చటనుండి వచ్చినది?’ అని అభిమానులు ఆశ్చర్యపడుట సహజమే.

ఆనాడు వేల్సు ప్రభుత్వమునకు ప్రథమమంత్రిగా నుండిన మార్క్ డ్రేక్‌ఫర్డ్ తమ పక్షమును స్పష్టము చేసిరి. ప్రాంగణము వేల్సులో నున్నది గనుక అచ్చట వేల్సు చట్టమే చెల్లునని వారి నిర్ణయము. ఈ మాటయందును న్యాయము కలదు. కార్డిఫ్, స్వాన్సీ నగరముల జట్లు సైతము ఇంగ్లండు పోటీలలో ఆడుచున్నవే. అవి ఆ దినములలో ప్రేక్షకులు లేని ప్రాంగణములలో ఆడి, నష్టమును భరించినవి. ఒకే నేలమీద ఒక జట్టునకు ఒక నియమము, వేరొక జట్టునకు వేరొక నియమము చెల్లుననినచో, నష్టమును ఓర్చుకొన్నవారికి ఏమని సమాధానము చెప్పగలరు?

క్లబ్బు ముందు కష్టమైన ప్రశ్న నిలిచినది. పొరుగు నగరములలోని జట్లు నిండు ప్రాంగణములలో ఆడుచుండగా, తాము 50 మందితో ఆడినచో ఖర్చులకైనను రాబడి చాలదు. నియమమును లెక్కచేయక ద్వారములు తెరచినచో, వ్యాధి వ్యాపించు ప్రమాదమును, శిక్షకు గురియగు ప్రమాదమును కలవు. క్లబ్బునకు కలుగు శిక్ష ఎవరో యజమానిని కాక, చిన్న మొత్తములు కూర్చి దానిని నిలబెట్టిన వేలాది సామాన్యులను తాకును. క్లబ్బువారు న్యాయవాదులను సంప్రదించిరి. ఇరువైపుల అధికారులతోను చర్చించిరి. తుదకు జనవరి నడుమ బ్రాక్లీ టౌను జట్టుతో తమ ప్రాంగణమున జరుగవలసిన పోటీని వాయిదా వేసిరి. వాదమును విడువలేదు, వాదము తేలువరకు నియమమును మీరలేదు.

అదృష్టవశమున ఆ చిక్కు ఎక్కువకాలము నిలువలేదు. వ్యాధి తీవ్రత తగ్గుముఖము పట్టుటతో వేల్సు ప్రభుత్వము జనవరి 15 నుండి ఆరుబయటి వేడుకలకు 500 మందిని అనుమతించినది. జనవరి 21 నుండి ఆ పరిమితియు తొలగినది. ప్రేక్షకులు మరల డీవా ప్రాంగణమునకు వచ్చుటకు అడ్డు లేకపోయెను. పొలిమేర గీత తిరిగి ఎవరికిని పట్టని గీత అయినది.

ఈ వృత్తాంతమున దుష్టుడు లేడు. వేల్సు ప్రభుత్వము తన ప్రజల ప్రాణములను కాపాడ నెంచినది. క్లబ్బు తన సభ్యుల కష్టార్జితమును కాపాడుకొన నెంచినది. ఇరువురును తమ తమ విధులనే నిర్వర్తించిరి. అయినను వివాదము పుట్టినది. సంవత్సరముల తరబడి అందరును ఆ గీతను చూచియు చూడనట్లు ఊరకుండుటయే అందునకు మూలము. వరద వచ్చిన రాత్రి గట్టు ఎవరిదని వెదకుట కష్టము. ఎండకాలముననే ఇరుగుపొరుగువారు కూర్చుండి, గట్టు ఎవరు వేయవలెనో నిశ్చయించుకొనుట మేలు.

వ్యాధికి పొలిమేరలు తెలియవు గదా, మనుష్యుల గీతలతో దానిని ఆపుట సాధ్యమా యని కొందరు అడుగవచ్చును. గీత వ్యాధిని ఆపదు. బాధ్యత ఎవరిదో మాత్రము అది తెలుపును. ఒక నేలపై జనులు రోగగ్రస్తులైనచో వారికి పడక చూపవలసినది ఏ ప్రభుత్వమో, నియమములు చేయు అధికారమును ఆ ప్రభుత్వమునకే ఉండవలెను. చట్టము మనిషి వచ్చిన యూరినిబట్టి కాక, అతడు నిలిచిన చోటునుబట్టి వర్తించుటకు కారణమిదియే. అట్లు కానిచో ఒకే మైదానమున కూర్చున్న వేయిమంది వేయి చట్టములను కోరవచ్చును.

నియమము మనకు అనుకూలముగా నున్నప్పుడు దానిని పాటించుట గొప్ప కాదు. అది అన్యాయమని తోచినప్పుడు సైతము, మొదట దానికి లోబడి, పిదప సభలో తన వాదమును ధైర్యముగా వినిపించుట నాగరికుని లక్షణము. ఆటగాడు నిర్ణేత తీర్పును తలవంచి స్వీకరించి, అభ్యంతరమున్నచో ఆట ముగిసిన పిమ్మట తెలుపును. ఒక జనవరి మాసమున చెస్టరు క్లబ్బువారు మైదానము వెలుపల కూడ ఆ క్రీడాధర్మమునే పాటించిరి.