శతక్రతుని దిగులు

భయమునకు ఎదుట ఒక వస్తువుండును. పాము కనబడినప్పుడు భయము కలుగును; పాము పోయినచో భయమును పోవును. అభద్రతాభావ మట్టిది కాదు. ఎదుట ఏ యపాయమును లేకున్నను, ‘నాది నా చేతినుండి జారిపోవునేమో’ యను దిగులు లోలోపల మెదలుచునే యుండును. రేపటి కూలి దొరకునో లేదో యని గంజికై వగచువాని మాట వేఱు. వానికి వేదాంతము చెప్పుట తగదు, పని చూపవలెను. మనము విచారింపబోవునది కలిగినవాని దిగులు. మన పురాణము దానిని సాక్షాత్తు స్వర్గాధిపతి యందే చూపినది.

శ్రీమద్భాగవతము చతుర్థస్కంధమున పృథుచక్రవర్తి చరిత్ర కలదు. సరస్వతీనది తూర్పుముఖముగా ప్రవహించు బ్రహ్మావర్తమున ఆయన నూరు అశ్వమేధములకు దీక్ష వహించెను. తొంబదితొమ్మిది ముగిసినవి. నూరవ యాగమున ఇంద్రుడు గుఱ్ఱము నపహరించెను. ఇంద్రునకు శతక్రతువని పేరు. నూరు యాగములు చేసినవాడని యర్థము. మఱియొకడును నూరు పూర్తిచేసినచో ఆ పేరునకు విలువ యేమి? పీఠమునకు దిక్కేమి? ఇదియే యాతని బాధ. పృథువో, యజ్ఞపతియగు విష్ణువు నారాధించుటకై యాగము చేయుచున్నవాడు. పిదప విష్ణువు ప్రత్యక్షమై వరము కోరుమనగా, భగవత్కీర్తిని వినుటకు పదివేల చెవుల నడిగినవాడు స్వర్గసింహాసనము నాశించునా? ఇంద్రుని పీడించినది పృథువు గాదు. పృథువును గూర్చి తాను కల్పించుకొన్న యూహ.

ఆ దొంగతనమునకు ఇంద్రుడు ధరించిన వేషము గమనింపదగినది. జటలతో, భస్మముతో తాపసివలె పోవుచుండెను. తఱుముకొని వచ్చిన పృథుకుమారుడు, ధర్మమే మూర్తీభవించినదని భ్రమించి బాణము వేయుటకు సంకోచించెను. అభద్రతకు లోనైనవాడు ‘నాకు దిగులుగా నున్నది’ అని చెప్పుకొనడు; ధర్మము మాటునకు చేరును. భజనమండలిలో పేరుమోసిన గాయకుడు, క్రొత్తగా వచ్చిన పిల్లవాని పాట విని, ‘కంఠము బాగున్నది గాని భక్తి చాల’దనును. అత్తగారు కోడలి వంటలో రుచిని తప్పుపట్టలేక ఆచారమును తప్పుపట్టును. ఆ మాటలు నిజమే కావచ్చును. అయినను అవి హృదయమున ఏ మూలనుండి వచ్చినవో అన్నవారే వెదకి చూచుకొనవలెను. ఎదుటివాడు నా పీఠము నడిగెనా? అడుగకయే నేను గుఱ్ఱమును దొంగిలించుచున్నానా?

పృథువును కోపించి విల్లెత్తెను. ఋత్విజులు వారించి, ఇంద్రునే మంత్రబలమున అగ్నికి ఆహుతి చేయుదుమనిరి. అప్పుడు బ్రహ్మ వచ్చి, తొంబదితొమ్మిది చాలునని హితవు చెప్పెను. పృథువు నూరవదానిని విడిచెను. లెక్క నిండలేదు, ఆయనకు లోటును కలుగలేదు. జపమును, ఉపవాసములను వ్రేళ్లపై లెక్కించుకొను మనకు ఆ యొక్కటి విడుచుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు. పిదప విష్ణువు ఇంద్రుని వెంటబెట్టుకొని వచ్చెను. ఇంద్రుడు చేసినపనికి సిగ్గుపడి పృథువు పాదములను తాకెను. పృథువు వైరము విడిచి యాతనిని కౌగిలించుకొనెను.

బృహదారణ్యకోపనిషత్తున ఒక వృత్తాంతము కలదు. ఆదియందు ఒంటరిగా నున్న పురుషునకు భయము కలిగెను. నాకంటె వేఱొకటి లేనప్పుడు ఎవరికి వెఱచుచున్నానని యాతడు విచారించెను, భయము తొలగెను. రెండవవాడున్నాడనుకొన్నంత వఱకే భయమునకు తావని ఉపనిషత్తు తీర్పు. ఇంద్రునకు పృథువు అట్టి రెండవవాడు. ఆ కౌగిలిలో, ఒక్క క్షణమైనను, రెండవవాడు లేకపోయెను.

పృథువు ఆ పిదప చాలకాలము రాజ్యమేలెను. వార్ధక్యము సమీపించినదని గ్రహించి, భూమిని కుమారులకు అప్పగించి, భార్యయగు అర్చితో తపోవనమునకు వెడలిపోయెను. పీఠము దిగుమని ఆయనను ఎవరును అడిగియుండలేదు.