పూతను పిందెగా నిలుపు పురుగులు

సొరపందిరిపై పిందెలు వేలెడంతయైన కాకమునుపే పసుపుబారి రాలిపోవుట తాడేపల్లి, ఉండవల్లి, పెనుమాక ప్రాంతములలో కూరగాయలు పండించు రైతులకు తెలిసిన నష్టమే. ఎరువు చాలలేదని తలచి మరల ఎరువు వేయుదురు. పెక్కుమారులు లోపము ఎరువునందు గాక, పుప్పొడి అందకపోవుటయందే యుండును.

సొరతీగకు మగపూలు, ఆడపూలు వేరువేరు. ఆడపూవు అడుగున చిన్నపిందె ముందే యుండును. మగపూవు పుప్పొడి సోకనిచో అది నిలువదు. ఈ పూలు సాయంకాలమున విచ్చి మరునాటి ఎండకు వాడును గాన, పగటి తేనెటీగను మాత్రమే నమ్ముకొనుట చాలదు. మునిమాపువేళ పూవుపై వాలకయే, గాలిలో నిలిచి, పొడవైన తొండముతో తేనె త్రాగు పెద్ద రెక్కలపురుగు ఈ పని చేయును.

వంగపూవు తీరు వేరు. దాని పుప్పొడి తిత్తుల కొనలయందు సన్నని రంధ్రములు మాత్రమే కలవు. ఊపిననే గాని పొడి రాలదు. గాలికి కొంత రాలును. నల్లని తుమ్మెదయు, పొట్టపై నీలిచారలుగల నేలతేనెటీగయు పూవును పట్టుకొని ఝుమ్మని అదరించి దులుపును. పెట్టెలలో పెంచు తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెద వాసములు తొలుచునని చంపువారు కలరు. చేని గట్టున ఎండువెదురు కట్ట యొకటి ఉంచినచో అదియు అచ్చట చేరవచ్చును. నేలతేనెటీగ మట్టిగట్లలో గూడు చేయును గావున గట్లన్నియు ఒకేసారి చెక్కరాదు.

కంది, గులాబి ఆకుల అంచులు గుండ్రముగా కత్తిరింపబడినచో తెగులని భయపడి మందు కొట్టరాదు. అది గూటికై ఆకు కోసికొనిపోవు తేనెటీగ పని. పూలపై నిలిచి యెగురు చారల ఈగ పుప్పొడి మోయుటయే గాక, దాని పిల్లపురుగు పేనుబంకను తినును. మేడిపండులోని పురుగులను హేళన చేయుదుము గాని, అవి లేనిచో మేడికి విత్తే కట్టదు.

మందు కొట్టక తప్పనిచో వంగకు సాయంకాలము, పురుగుల రాకపోకలు ఉడిగిన పిదప కొట్టవలెను. సొరకు ఆ వేళ పనికిరాదు. ఉదయమున పూలు వాడిన పిదప కొట్టవలెను. గాలి ప్రక్కనున్న వంగపూతవైపు వీచునప్పుడు మానవలెను.

పురుగుల కొరత కలదో లేదో రైతు తానే పరీక్షింపవచ్చును. సాయంకాలమున అప్పుడే విచ్చిన మగపూలు కోసి, రేకులు తీసి, ఐదారు ఆడపూల నడిమి మొగమునకు పుప్పొడి అద్ది, దారము కట్టి గుర్తుంచవలెను. వారము దినములకు దారము కట్టినవి నిలిచి, తక్కినవి రాలినచో, ఆ పందిరికి కావలసినది ఎరువు కాదు.