పట్టు ఉండాలి, అతుక్కోకూడదు
ప్రశ్నలు - జవాబులు: రైఫిల్ బెడ్డింగ్

ప్రశ్న: నా దగ్గర వాల్‌నట్ స్టాక్ ఉన్న రెమింగ్టన్ 700 ఉంది. ముసురు పట్టిన రోజు ఒక చోట, ఎండ కాసిన రోజు ఇంకో చోట తగులుతోంది. ఎపాక్సీతో బెడ్డింగ్ చేద్దామంటే యాక్షన్ స్టాక్‌లోనే ఉండిపోతుందేమోనని భయంగా ఉంది. మైనం ఎంత మందంగా రాయాలి?
- ఆస్టిన్, టెక్సస్

జవాబు: చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. దాంతో యాక్షన్ మీద ఒత్తిడి రోజుకో రకంగా ఉంటుంది. మీ గురి మారడానికి అదే కారణమైతే బెడ్డింగ్, అంటే యాక్షన్ స్టాక్‌లో కూర్చునే చోట ఎపాక్సీతో అచ్చు పోయడం, మంచి మందే. అయితే ముందు స్క్రూలు సరిగ్గా బిగిసి ఉన్నాయో, స్కోపు మౌంట్లు కదులుతున్నాయేమో చూసుకోండి.

ఇక మైనం సంగతి. యాక్షన్ రెండు రకాలుగా ఇరుక్కుంటుంది. ఒకటి, ఎపాక్సీ ఇనుముకు అంటుకోవడం. దీన్ని పల్చటి మైనం పూత ఆపుతుంది. రెండోది, ఎపాక్సీ ఏదో రంధ్రంలోకో గాడిలోకో పారి, అక్కడే గట్టిపడి గొళ్ళెం పడ్డట్టు పట్టేయడం. దీన్ని ఎంత మైనం రాసినా ఆపలేరు. అందుకే మైనం కన్నా పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

ముందుగా రైఫిల్ ఖాళీగా ఉందని ఛాంబర్ చూసి నిర్ధారించుకోండి. బోల్టు, ట్రిగ్గర్, స్కోపు తీసేయండి. యాక్షన్‌లో ట్రిగ్గర్ పిన్నుల రంధ్రాలు, బోల్ట్ స్టాప్ గాడి, మ్యాగజైన్ కోత... ఇలా పల్లంగా కనిపించిన ప్రతిచోటా క్లే నింపి, పైభాగంతో సమంగా నున్నగా చేయండి. స్టాక్‌లో ట్రిగ్గర్, మ్యాగజైన్ గుంతల్లోనూ నింపండి. 700 రిసీవర్ గుండ్రటిది. ఎపాక్సీ దాని సగం ఎత్తు దాటి పైకి పోతే లోపలికి వంగి పట్టుకుంటుంది. కాబట్టి సగానికి కిందే ఆగాలి. చివరికి ఒకే ప్రశ్న వేసుకోండి: యాక్షన్‌ను నిలువుగా పైకి ఎత్తితే ఎక్కడైనా తగులుకుంటుందా? తగులుకునే చోటు కనబడితే అక్కడ ఇంకా క్లే కావాలన్నమాట.

ప్రశ్న: అన్నా, అంటుకోకుండా ఇంట్లో ఉన్న వంటనూనె రాస్తే సరిపోదా? బూట్ల పాలిష్ వాడతారని కూడా విన్నాను, నిజమేనా?
- ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నూనె వద్దు తమ్ముడూ. అది నిలవదు, జారిపోయి కొన్నిచోట్ల ఇనుము బయటపడుతుంది. పాలిష్ మాట నిజమే. రంగులేని కివీ పాలిష్‌ను చాలామంది గన్‌స్మిత్‌లు ఏళ్ళుగా వాడుతున్నారు. పల్చగా రాసి, ఆరనిచ్చి, గుడ్డతో తుడిచి, మళ్ళీ రాయండి. రెండు మూడు పూతలు చాలు. మందంగా రాస్తే ఆ మందమే ఎపాక్సీలో ఖాళీగా మిగిలి, పట్టు వదులవుతుంది. ఎక్కువమంది మరిచిపోయేది స్క్రూలను. మరలకు, తలలకు, చివరలకు కూడా పాలిష్ పట్టించండి. యాక్షన్ బయటకు రావడానికి సిద్ధంగా ఉన్నా, స్క్రూ ఒక్కటి రాకపోతే పనంతా ఆగిపోతుంది.

ప్రశ్న: రీకాయిల్ లగ్‌కు టేపు వేయమంటారు. అన్ని వైపులా వేయాలా?
- అట్లాంటా

జవాబు: వెనక ముఖం వదిలేసి మిగతా వైపులా, అంటే ముందు, రెండు పక్కలు, అడుగున వేయాలి. పేలినప్పుడు వెనక్కి వచ్చే తోపుడును స్టాక్‌కు అందించేది వెనక ముఖమే. అది ఎపాక్సీకి నిండుగా ఆనాలి. మిగతా వైపుల టేపు మందమంత సందు ఉంటే లగ్ సాఫీగా దిగుతుంది, సాఫీగా లేస్తుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక టేపు పీకేయండి. టేపు మీద కూడా పాలిష్ రాయడం మరవొద్దు.

ప్రశ్న: ఎన్ని గంటలకు విప్పొచ్చు? ఎలా విప్పాలి?
- డాలస్

జవాబు: డబ్బా మీద రాసిన సమయమే లెక్క. చాలా రకాలకు గది వేడిలో ఒక రోజు పడుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. బిగించేటప్పుడు స్క్రూలను యాక్షన్ వంగేంత గట్టిగా లాగొద్దు. వంచి బిగిస్తే ఆ వంపే బెడ్డింగ్‌లో అచ్చుపడుతుంది. బయటికి పొంగిన ఎపాక్సీని తడిగా ఉన్నప్పుడే దూదిపుల్లలతో తుడిచేయండి. అది రబ్బరులా సాగే దశకు రాగానే స్క్రూలను కొద్దిగా తిప్పి వదులు చేయడం మంచి అలవాటు. పూర్తిగా గట్టిపడ్డాక స్క్రూలు తీసి, యాక్షన్‌ను నిటారుగా పైకి ఎత్తండి. బ్యారెల్ మూతి పట్టి మీటలా లేపితే లగ్ చుట్టూ ఉన్న ఎపాక్సీ అంచులు విరుగుతాయి.

ప్రశ్న: మీ సలహా చదవకముందే పని కానిచ్చేశాను. స్క్రూలు వచ్చాయి, యాక్షన్ రావడం లేదు!
- ఫీనిక్స్

జవాబు: కంగారు పడి సుత్తి తీయకండి. స్కోపు ఉంటే తీసేసి, మొత్తాన్ని పెద్ద డీప్ ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచండి. ఇనుము కాస్త కుంచించుకుంటుంది, చాలాసార్లు ఆ కాస్తే చాలు. బయటకు తీయగానే స్టాక్‌ను మెత్తటి గుడ్డ మీద పట్టి, బ్యారెల్ అడుగున రబ్బరు సుత్తితో చిన్నగా తట్టండి. వచ్చాక చెమ్మ తుడిచి నూనె రాయండి, లేకపోతే తుప్పు పడుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి. హీట్ గన్‌తో యాక్షన్ పైభాగాన్ని నెమ్మదిగా వేడి చేయండి. నీళ్ళు మరిగే వేడికి దగ్గరయ్యేసరికి చాలా ఎపాక్సీలు మెత్తబడతాయి. మంట మాత్రం వద్దు. స్టాక్ మీద వార్నిష్ కూడా పాడవ్వొచ్చు, అది తెలిసే చేయండి. ఇంకా రాకపోతే ఎక్కడో గాడిలో గొళ్ళెం పడిందన్నమాటే. అప్పుడు గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: నా దగ్గర లైసెన్సున్న .315 రైఫిల్ ఉంది. ఇదే పద్ధతిలో ఇంట్లో చేసుకోవచ్చా?
- హైదరాబాద్

జవాబు: రెండు కారణాల వల్ల వద్దంటాను. భారత్‌లో తుపాకుల మరమ్మతుకు 1959 ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు కావాలి. మీ దగ్గరున్నది రైఫిల్ ఉంచుకోవడానికే. పైగా .315 లీ-ఎన్‌ఫీల్డ్ వంశానిది. దాని స్టాక్ రెండు ముక్కలు, పైన చెప్పినలాంటి లగ్ ముందువైపు ఉండదు. తోపుడు ముందు చెక్క వెనకభాగంలో రెండు పక్కలా ఆనుతుంది. ఆ ఆనే చోట్లు అరిగితే గురి చెదురుతుంది. లైసెన్సున్న గన్‌స్మిత్‌కు ఇచ్చేటప్పుడు మొదట అవే చూడమని చెప్పండి.