పందెము ముగిసిన తరువాత

చదువవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 9:24–27, 2 తిమోతికి 2:5



మన పల్లెలలో పరుగు పందెమనగా క్రిస్మసు మరునాడు చెరువుకట్ట మీద పిల్లలు పరుగెత్తునదియే. నిమిషములో ముగియును. ఊరంతయు చూచుచుండును గనుక మోసమునకు చోటు తక్కువ. ఈ మాసము మనము ఆలోచింపబోవు పరుగు అట్టిది కాదు. మారథాన్ అను పందెము 42 కిలోమీటర్ల పైచిలుకు. అంతకు మించిన దూరము పరుగెత్తుటను అల్ట్రా పరుగు అందురు. కొన్ని పందెములు 80 కిలోమీటర్లు, కొన్ని 160. కొన్ని ఆరు దినములు రాత్రింబగళ్లు సాగును. కొండదారులలో, చీకటిలో పరుగెత్తువారు గంటల తరబడి ఒంటరిగా నుందురు. అడుగడుగునకు కనిపెట్టి చూచువారెవరును ఉండరు. ఆ ఆట యంతయు పరుగెత్తువారి నిజాయితీ మీదనే నిలిచియున్నది.

2023 ఏప్రిలులో ఇంగ్లాండు దేశమందు మాంచెస్టరు నుండి లివర్‌పూలు వరకు 50 మైళ్ల పందెము జరిగెను. అనగా ఇంచుమించు మనము కర్నూలు నుండి నంద్యాలకు పోవునంత దూరము. స్కాట్లాండుకు చెందిన జోషియా జక్షెవ్‌స్కి అను వైద్యురాలు, ఎన్నో పందెములలో పేరు పొందిన ఆమె, కాలు నొప్పి వలన మధ్యలో సుమారు రెండున్నర మైళ్లు స్నేహితుని కారులో పోయెను. తరువాతి మజిలీలో తాను పందెము మానుకొనుచున్నట్లు చెప్పితిననియు, బహుమానమునకు కాక ఊరకనే పరుగెత్తితిననియు ఆమె చెప్పుకొనెను. నొప్పి పుట్టుట తప్పు కాదు, కారెక్కుటయు పెద్ద నేరము కాదు. గమ్యము చేరిన తరువాత ఆమెకు మూడవ బహుమానము ఇయ్యగా చేతులు చాచి పుచ్చుకొనెను, ఫోటో తీయించుకొనెను. న్యాయముగా మూడవ స్థానము పొందవలసిన స్త్రీ ప్రక్కన నిలిచిపోయెను. ఆ దేశపు క్రీడా సంఘము వారు ఆమెను 12 నెలలు పందెములనుండి నిషేధించిరి. అలసటచేత బుద్ధి పనిచేయలేదని ఆమె చెప్పి క్షమాపణ అడిగెను. మనము నమ్మవచ్చును. అయినను ఇంటికి పోయి నిద్రపోయి లేచిన తరువాత కూడ ఆ బహుమానము ఆమె యొద్దనే యుండెను గదా. ఆమె కాళ్లు తప్పు చేసినది పందెములోనే గాని, ఆమె చేతులు తప్పు చేసినది పందెము ముగిసిన తరువాత.

రెండవ సంగతి ఇంతకంటె లోతైనది. అమెరికా దేశస్థురాలైన కెమిల్ హెరన్ అల్ట్రా పరుగులో ఎన్నో ప్రపంచ రికార్డులు స్థాపించిన స్త్రీ. 2024 మార్చిలో కాలిఫోర్నియాలో లులులెమన్ అను దుస్తుల కంపెనీ వారు స్త్రీల కొరకు ఏర్పాటు చేసిన ఆరు దినముల పరుగులో ఆమె 900 కిలోమీటర్లకు పైగా పరుగెత్తెను. కర్నూలు నుండి కడపకు రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు. రెండు మారులు పోయి రెండు మారులు తిరిగి వచ్చినను ఆ దూరము నిండదు. ఆనాటికి స్త్రీలలో అంత దూరము ఆరు దినములలో పరుగెత్తినవారు లేరు. ఆ పరుగులో మోసమేమియు లేదు.

అయితే వికీపీడియా అను విజ్ఞాన సర్వస్వము ఒకటి కలదు. అది తెలుగులో కూడ 2003 నుండి ఉన్నది. దానిలో ఎవరైనను వ్రాయవచ్చును, ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దవచ్చును. అయితే ఎవరు ఏ దినమున ఏమి మార్చిరో అదంతయు చెరిగిపోక లోపల నిలిచియుండును. రెడ్డిగారి లెక్కల పుస్తకములో కొట్టివేసిన అంకె కూడ కనబడునట్లు అనుకొనుడి. ఆమె జంటకు సంబంధించిన ఖాతాలనుండి, మారుపేర్లతో, ఆమె పుటలో పొగడ్తలు చేర్చబడినవనియు, ఆమె తోటి పరుగువారైన కోర్ట్నీ డావాల్టర్, కిలియన్ జోర్నెట్ అనువారి పుటలలోనుండి అట్టి పొగడ్తలే తీసివేయబడినవనియు 2024 సెప్టెంబరులో కెనడియన్ రన్నింగ్ అను పత్రిక బయటపెట్టెను. ఆమె భర్తయు శిక్షకుడునైన కానర్ హోల్ట్ ఆ పని తానే చేసితిననియు, భార్యకు సంబంధము లేదనియు ఒప్పుకొనెను. కంపెనీ వారు ఆమెతో తమ ఒప్పందమును ముగించిరి.

ఆమె మీద తీర్పు చెప్పుటకు మనము కూర్చుండలేదు. నన్ను కలవరపెట్టినది ఆ భర్త మాట. జనులు తన భార్యను నిందించుచుండగా ఆమెను కాపాడుటకే చేసితినని ఆయన భావము. ఇది ద్వేషము వలన పుట్టినది కాదు, ప్రేమ వలన పుట్టినది! మన యిండ్లలో జరుగునది ఇదియే కాదా? మన పిల్లకు పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినవని సంతోషించుట మంచిదే. ఎదురింటి పిల్లకు అంతకంటె ఎక్కువ వచ్చినదని వినగానే, “వాళ్లకు ట్యూషనుకు డబ్బున్నది” అందుము. ఆ మాట నిజమే కావచ్చును. ఎందుకు అంటిమి? మన జిల్లాలలో ఇట్టి చిన్న మాటలనుండి పుట్టిన కక్షలు ఎన్ని తరములు నడచినవో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

మరియు ఆ దొంగచాటు పొగడ్త యేమి నిలిపినది? ఆ ఆరు దినముల రికార్డును మరుసటి సంవత్సరమే, 2025లో, మేగన్ ఎక్కర్ట్ అను స్త్రీ 970 కిలోమీటర్లు పరుగెత్తి దాటిపోయెను.

పౌలు కొరింథులో ఏడాదిన్నర కాపురముండెను. ఆ పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి ఇస్త్మియ పందెములు జరుగుచుండెను గనుక ఆయన పత్రిక చదివినవారికి పందెగాండ్ర సంగతి బాగుగా తెలియును. 25వ వచనమును నిదానముగా చదువుడి. పందెగాని నిగ్రహము పరుగెత్తు గంటకే గాక అన్ని సంగతులకును చెందునని ఆయన భావము. భోజనము, నిద్ర, మాట, అన్నియు అందులోనివే.

ఆ గ్రీకుల ఒలింపిక్ పందెములలో సుమారు నలువది యేండ్ల తరువాత, క్రీ.శ. 93లో, ఒక సంగతి జరిగెను. పౌసానియాసు అను గ్రంథకర్త దానిని వ్రాసియుంచెను. అలెక్సంద్రియ వాడైన అపొల్లోనియు అను ముష్టియుద్ధగాడు ఆలస్యముగా వచ్చి, ఎదురుగాలి వలన ఓడ నిలిచిపోయెనని చెప్పెను. (మన అపొల్లోయు ఆ ఊరివాడే గాని, వీడు వేరు.) అదే ఊరివాడైన హెరాక్లీదు లేచి, అది అబద్ధము, ఇతడు ఆసియ తీరమున వేరే పందెములలో డబ్బు కూడబెట్టుకొనుచుండెనని నిరూపించెను. అధికారులు అపొల్లోనియును తొలగించి, పోరు లేకయే హెరాక్లీదుకు కిరీటమిచ్చిరి. అప్పుడు అపొల్లోనియు చేతులకు తోలుపట్టీలు చుట్టుకొని, కిరీటము ధరించినవాని మీద పడి కొట్టెను. వానికి జరిమానా వేసిరి. పందెములో ఒక్క దెబ్బయైనను కొట్టనివాని తప్పు ఇప్పటికిని మనము చదువుచున్నాము.

దీనికి ఎదురుగా ఒక మంచి సంగతి. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రములో బిగ్స్ బ్యాక్‌యార్డ్ అను పందెము కలదు. గంటకొకసారి అందరును 6.7 కిలోమీటర్ల చుట్టు తిరిగి రావలెను. మరుసటి గంట మరల బయలుదేరవలెను. చివరకు ఒక్కరు మిగులువరకు ఇదే. 2023లో హార్వీ లూయిస్ అను బడిపంతులు 108 చుట్లు, అనగా నాలుగున్నర దినములు, పరుగెత్తి గెలిచెను. ఇహోర్ వెరిస్ 107 చుట్లు తిరిగి ఆగిపోయెను. ఆ పందెపు నియమము వింతైనది. రెండవవాడు ఎన్ని చుట్లు తిరిగితే గెలిచినవాడు దానికి ఒక్కటి మాత్రమే ఎక్కువ తిరుగగలడు. వెరిస్ ఎనుబదిలో ఆగియుంటే లూయిస్ రికార్డు ఎనుబదియొకటియే. అందుచేత అక్కడ రెండవవానిని ఓడినవాడని పిలువరు, సహాయకుడని పిలుతురు. గెలిచినవాడు వాని పేరు తగ్గించి చెప్పినయెడల తన చుట్లనే తగ్గించుకొన్నట్లగును.

ఇంత వ్రాసి నా సంగతి దాచుట తగదు. పడుచుతనములో మా ఊరి క్రిస్మసు పందెముల పుస్తకము వ్రాయు పని నాది. ఒక యేడు ప్రత్తి తీయుటకు వచ్చిన కుటుంబములోని పిల్లవాడొకడు మా తమ్ముని దాటి గెలిచెను. నేను, “మొదటి బహుమానము: కూలివారి పిల్లవాడు” అని వ్రాసి, క్రింద మా తమ్ముని పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు నిండుగా వ్రాసితిని. అబద్ధమేమియు వ్రాయలేదు. చాల యేండ్ల తరువాత పాత కాగితములు తీయుచు ఆ వరుస చూచి సిగ్గుపడితిని. ముగ్గురు పెద్దలను అడుగగా ఒక అవ్వకు మాత్రము వాని పేరు జ్ఞాపకమున్నది. ఆ కూలివారు ఏ ఊరికి పోయిరో ఆమెకును తెలియదు. నేను ఆ పేరు ఆ గడిలో వ్రాసి, ప్రక్కన ఆనాటి తేదీ వేసితిని. పాత సిరా గోధుమ రంగు తిరిగినది, క్రొత్తది నీలముగా నున్నది.