చివర వచ్చినవారికే మొదటి చోటు
ఈ నెల పాఠం: ఫిన్‌లాండ్ అడవిలో 82 కిలోమీటర్ల కాలిబాట (ఎనిమిదో తరగతి, సోషల్)



అడవుల పాఠం మొదలుపెట్టే రోజు పుస్తకం తెరవకముందే పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. "దట్టమైన అడవి. వాన పడుతోంది. పది మంది పడుకోవడానికి సరిపోయే చెక్క గది ఒకటుంది. పది మంది ముందే వచ్చి, తడిసిన బట్టలు ఆరేసుకుని పడుకున్నారు. రాత్రి పొద్దుపోయాక పదకొండో మనిషి తడిసి ముద్దయి తలుపు తోశాడు. ఇప్పుడు ఎవరు బయటికి వెళ్ళాలి?"

క్లాసంతా ఒకే మాట: "వాడే వెళ్ళాలి మేడమ్. ముందొచ్చిన వాళ్ళదే చోటు." ఒకరు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాల్సింది అన్నారు. ఇంకొకరు, "బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనదే కదా మేడమ్, ఇదీ అంతే" అన్నారు. అందరం నవ్వుకున్నాం.

తర్వాత అసలు నియమం చెప్పాను. ఫిన్‌లాండ్ అడవుల్లో బాటసారుల కోసం కట్టిన ఉచిత గదుల్లో చోటు మీద మొదటి హక్కు చివర వచ్చినవారిది. ముందు వచ్చినవారికి అప్పటికే కాస్త విశ్రాంతి దొరికింది కాబట్టి సర్దుకోవాల్సింది వాళ్ళే. మరీ చోటు లేకపోతే, లేచి తమ గుడారం వేసుకోవాల్సిందీ వాళ్ళే. క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలోంచే పాఠం మొదలైంది. దాన్ని మీతో కూడా పంచుకోవాలని రాస్తున్నాను.

దారి ఎక్కడుంది?

ఆ దారి పేరు కర్హున్‌కియెర్రోస్. ఫిన్నిష్ భాషలో 'ఎలుగుబంటి చుట్టు' అని అర్థం. పేరులో చుట్టు ఉన్నా అది గుండ్రంగా తిరిగి మొదటికి రాదు. ఫిన్‌లాండ్ ఈశాన్యంలో, రష్యా సరిహద్దుకు దగ్గర్లో, హౌటాయార్వి అనే ఊరి నుంచి దక్షిణంగా రుకా దాకా 82 కిలోమీటర్లు సాగుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం 158 కిలోమీటర్లు. అందులో సగం కంటే కాస్త ఎక్కువ దూరం, వీపున సంచితో, రాళ్ళ మీద, చెట్ల వేళ్ళ మీద నడవడం అన్నమాట. సాధారణంగా నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది.

దారిలో ఎక్కువ భాగం ఓలంకా జాతీయ ఉద్యానవనంలో ఉంది. ఆ ఉద్యానవనం 1956లో ఏర్పడింది. హౌటాయార్వి సరిగ్గా ఆర్కిటిక్ వృత్తం మీద, అంటే సుమారు 66½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో అక్కడ అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించడు. మ్యాప్‌లో ఒక గీతగా మాత్రమే చూసిన ఆర్కిటిక్ వృత్తం మీద ఒక ఊరు, ఒక దారి ఉన్నాయని తెలిసేసరికి పిల్లలకు అక్షాంశాల పాఠం మీద ఆసక్తి పెరిగింది.

దారి పొడవునా నదులు, వేలాడే వంతెనలు, కొండ అంచులు వస్తాయి. కిట్కా నది మీద యూరావా జలపాతం 9 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. పేరు ఎలుగుబంటిదే అయినా ఎలుగుబంట్లు మనుషుల అలికిడికే తప్పుకుంటాయి. కనిపించేవి ఎక్కువగా రెయిన్‌డీర్లే.

చచ్చినా నిలబడే చెట్టు

ఈ దారి పక్కన ఎన్నో చోట్ల పాత అడవి ఉంది. పాత అడవి అంటే వయసు మళ్ళిన చెట్లున్న అడవి మాత్రమే కాదు. అన్ని వయసుల చెట్లూ, ఎండిపోయి నిలబడ్డ చెట్లూ, కూలిపోయి నాచు పట్టిన మొద్దులూ కలిసి ఉన్న అడవి. వరసగా నాటిన తోటకూ దీనికీ తేడా అదే.

అక్కడ ఎండిపోయిన పైన్ చెట్టు వెంటనే కూలదు. బెరడు రాలిపోయి, వెండి రంగు తిరిగి, వందల ఏళ్ళు అలాగే నిలబడగలదు. దానికి ఫిన్నిష్‌లో ప్రత్యేకంగా 'కెలో' అనే పేరుంది. చూడ్డానికి పనికిరాని మోడు. కానీ ఫిన్‌లాండ్ అడవుల్లో శిలీంధ్రాలు, పురుగులు, నాచులు కలిపి నాలుగైదు వేల రకాల జీవులు చచ్చిన చెక్క మీదే ఆధారపడి బతుకుతాయి. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో తర్వాత ఇంకో పక్షి గూడు పెట్టుకుంటుంది. కూలిన మొద్దు మీద స్ప్రూస్ మొలక లేస్తుంది. ఒకరు వదిలి వెళ్ళింది ఇంకొకరికి ఇల్లవుతుంది.

ఊరగాయ జాడీ లాంటి నేల

అడవి మధ్యలో ఉన్నట్టుండి చెట్లు పలచబడి నేల మెత్తబడుతుంది. అడుగు వేస్తే చెప్పు మునిగిపోతుంది. ఇవి చిత్తడి నేలలు. వీటి మీద స్పాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. ఆ నాచు తన ఎండు బరువుకు పదిహేను నుంచి ఇరవై రెట్ల నీటిని పట్టి ఉంచుకోగలదు. పైభాగం పెరుగుతూ ఉంటే కింది భాగం చచ్చి నీటిలో మునిగిపోతుంది. అయితే అది పూర్తిగా కుళ్ళదు.

ఎందుకు కుళ్ళదు? పిల్లలకు ఇది ఊరగాయ జాడీతో చెప్పాను. ముక్క నూనెలో మునిగి ఉన్నంత కాలం గాలి తగలదు, పాడవదు. పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది. చిత్తడి నేలలో నూనె చేసే పని నీరు చేస్తుంది. గాలి అందదు, నీటిలో పులుపు గుణం ఉంటుంది, పైగా చలి. అందుకే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు అక్కడ చురుగ్గా పనిచేయలేవు. అలా పేరుకున్న పదార్థాన్నే పీట్ అంటారు. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందమే పెరుగుతుంది.

మీ అమ్మాయి లేదా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలు తీసి చూడండి. 15 సెంటీమీటర్ల స్కేలు నిలబెడితే 150 ఏళ్ళు. ఒక మీటరు పీట్ అంటే సుమారు వెయ్యేళ్ళు. ఇది చెప్పగానే ఒక పాప, "అయితే మేడమ్, ఒక్క పారతో వందేళ్ళు తవ్వేయొచ్చు" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మొక్కలు గాలిలోంచి తీసుకున్న కార్బన్ కూడా ఆ పీట్‌లోనే ఉండిపోతుంది. పీట్ నేలలు ప్రపంచ భూభాగంలో సుమారు 3 శాతమే. అయినా ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. నీరు తోడేస్తే జాడీలో నూనె ఇంకిపోయినట్టే. గాలి తగులుతుంది, కుళ్ళడం మొదలవుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. ఒకప్పుడు ఫిన్‌లాండ్ భూమిలో దాదాపు మూడో వంతు ఇలాంటి నేలే. కలప పెంచడం కోసం కాలువలు తవ్వి అందులో సగానికి పైగా నీరు తీసేశారు. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ కాలువలను పూడ్చి నీటిని తిరిగి నిలబెడుతున్నారు. చదువుకున్న దేశాలు కూడా తప్పు చేస్తాయని, తెలుసుకున్నాక దిద్దుకోవచ్చని పిల్లలు గమనించాలని ఈ సంగతి దాచకుండా చెప్పాను.

ఈ నేల మీద నడవడానికి చెక్క పలకలను బాటగా పరిచారు. అవి మన కాళ్ళు తడవకుండా ఉండడానికి మాత్రమే కాదు, నాచు నలగకుండా ఉండడానికి కూడా. అక్కడి నాచు మళ్ళీ కోలుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

అప్పుడు ఏలూరు వైపు బంధువులున్న ఒక బాబు, "కొల్లేరు కూడా ఇలాంటిదేనా మేడమ్?" అని అడిగాడు. సరిగ్గా ఇలాంటిది కాదు. కొల్లేరు మంచినీటి సరస్సు. మన ఎండలకు అక్కడ నాచు వెయ్యేళ్ళు నిలవదు. కానీ నీటిని పట్టి ఉంచే పని ఒకటే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద నీటిని తనలో ఆపుకుని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి వదులుతుంది. 2002లో దానికి అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. సరస్సు లోపల చేపల చెరువుల గట్లు వేసిన కొద్దీ నీరు నిలిచే చోటు తగ్గిపోతుంది. 'ఊరికే పడి ఉన్న నేల' అని మనం అనేది ఏదో ఒక పని చేస్తూనే ఉంటుందని ఆ బాబు తన నోట్స్‌లో రాసుకున్నాడు.

గదిలో రాత్రి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ గదులకు తాళం ఉండదు, కాపలా ఉండదు, డబ్బు కట్టక్కర్లేదు. ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు ఉండొచ్చు. పొయ్యి ఉంటుంది, బయట కట్టెల కొట్టం ఉంటుంది. తెల్లారి వెళ్ళేటప్పుడు గది ఊడ్చి, తర్వాత వచ్చేవారి కోసం కట్టెలు చీల్చి లోపల పెట్టి, తమ చెత్త తామే మోసుకుని పోవాలి. ఆ తర్వాత వచ్చేవారు ఎవరో వీళ్ళకు తెలియదు. వాళ్ళు థ్యాంక్స్ కూడా చెప్పలేరు.

ఇక్కడ వర్క్‌షీట్ ఎప్పుడూ చివరగా ఇచ్చే ఒక పాప చెయ్యెత్తింది. "మేడమ్, కావాలనే లేటుగా వచ్చి చోటు కొట్టేస్తే?" మంచి ప్రశ్న. జవాబు నేను చెప్పకముందే పక్క బెంచీ నుంచి వచ్చింది: "లేటుగా రావాలంటే వానలో ఎక్కువసేపు నడవాలి కదే!" మరొకరు ఇంకో మాట జోడించారు: "ఈ రోజు చివర వచ్చినవాళ్ళు రేపు ముందొస్తారు. అప్పుడు వాళ్ళు కూడా జరగాలి."

ఆ రెండో జవాబు నాకు చాలా నచ్చింది. మన పిల్లలు ర్యాంకుల మధ్య పెరుగుతున్నారు. ఆ ర్యాంకులు వేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ముందుండడం తప్పని నేను చెప్పను. పోటీ పరీక్షలు ఉన్నాయి, కష్టపడాల్సిందే. కానీ ముందు చేరినవాడి పని అక్కడితో అయిపోదు. వెనక వచ్చేవారికి తలుపు తీసి ఉంచడం, పొయ్యి దగ్గర కొంచెం జరగడం కూడా వాడి పనే. మార్కుల షీట్‌లో దీనికి కాలమ్ లేదు కాబట్టి, మీరూ నేనూ కలిసి ఇంకో విధంగా నేర్పాలి.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు, "ఈ ఫిన్‌లాండ్ అడవి పరీక్షలో వస్తుందా మేడమ్?" అని అడిగారు. దారి పేరు రాదండీ. అక్షాంశాలు, మ్యాప్ చదవడం, కుళ్ళడానికి గాలి ఎందుకు కావాలి, కార్బన్ ఎక్కడ నిలవ ఉంటుంది, ఇవన్నీ వస్తాయి. ఒక దారి వెంట నేర్చుకున్నవి త్వరగా మరిచిపోరని నా నమ్మకం.

ఇంట్లో చేసి చూడండి

1. మీ ఊరి అక్షాంశం అట్లాస్‌లో వెతికించండి. దాన్ని 66½లోంచి తీసేసి, వచ్చిన సంఖ్యను 111తో గుణించమనండి. ఆర్కిటిక్ వృత్తం మీ ఇంటికి ఉత్తరంగా సుమారు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది.

2. ఎండిన స్పాంజిని వంటింటి త్రాసులో తూచి, తడిపి మళ్ళీ తూచండి. ఎన్ని రెట్లు పెరిగింది? స్పాగ్నమ్‌తో పోల్చి రాయించండి.

3. రెండు చిన్న గాజు సీసాల్లో ఒక్కో మామిడికాయ ముక్క వేయండి. ఒకదాన్ని నూనెలో పూర్తిగా ముంచండి, రెండోది అలాగే వదిలేయండి. వారం రోజులు రోజూ చూసి, గమనించింది రాయించండి. తర్వాత రెండూ పారేయాలి, రుచి చూడకూడదు.

4. ఒక వారం పాటు ఇంట్లో 'తర్వాత వచ్చేవారి కోసం' ఒక పని. ఫ్రిజ్‌లో ఖాళీ బాటిల్ పెట్టకుండా నింపి పెట్టడం కావచ్చు, స్నానం అయ్యాక బకెట్ నింపి రావడం కావచ్చు. ఎవరి కోసం చేశారో చెప్పకూడదన్నదే షరతు.

క్లాసులో మేమూ ఒకటి మొదలుపెట్టాం. పీరియడ్ చివరి రెండు నిమిషాల్లో బోర్డు తుడిచి, బెంచీలు సర్ది, తర్వాతి సెక్షన్ వారికి గది అప్పగించడం. మొదటి మూడు రోజులు బాగా చేశారు. నాలుగో రోజు మరిచిపోయారు. ఐదో రోజు బెల్ కొట్టాక అందరూ బయటికి పరిగెత్తుతుంటే, వర్క్‌షీట్ చివరగా ఇచ్చే ఆ పాప ఒక్కతే వెనక్కి వచ్చి డస్టర్ అందుకుంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ఆగారు.