వాటాదారుల ప్రశ్న

చింతకి వంటి పల్లెలో నలుగురు రైతులు కలసి బావి త్రవ్వించి, దానిని ఒకని పర్యవేక్షణలో నుంచినచో, లెక్క అడుగు హక్కు నలుగురికిని కలదు. కంపెనీ వాటాలు, అనగా షేర్లును ఇట్టివే. వాటాలు కొని, యాజమాన్యమును నిలదీసి, మార్పు కోరువారిని క్రియాశీల మదుపుదారులందురు. వారి వలన కంపెనీ విలువ కాలక్రమమున పెరుగునా, తరుగునా?

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు ఉదాహరణమును చూతము. 2008 డిసెంబరు 16న ఆ సంస్థ, తన అధిపతి కుటుంబమువారి రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొన నిశ్చయించెను. మదుపు సంస్థలు తీవ్రముగా నిరసింపగా కొన్ని గంటలలోనే విరమించుకొనెను. 2009 జనవరి 7న అధిపతి రామలింగరాజు, లెక్కలను ఏండ్ల తరబడి పెంచి చూపితినని లేఖలో ఒప్పుకొనెను. లేని ఆస్తుల స్థానమున నిజమైన ఆస్తులు చేర్చుటకే ఆ కొనుగోలు తలపెట్టెనట. వాటా ధర కూలెను. నిరసన వలన దాచిన నిజము వెలికి వచ్చెను గాని, ప్రశ్న ఆలస్యమైనందున జరిగిన నష్టము పూడలేదు.

అయినను ప్రతి ఒత్తిడియు మేలు కాదు. యంత్రములకు, పరిశోధనకు ఉంచిన ధనమును నేడే పంచుకొందమనుట విత్తనములు వండుకొని తినుటయే. కావున విద్యార్థులారా, మనము లెక్కను వేళకు అడుగవలెను, విత్తనమును కాపాడవలెను.