వార్డులో రోడ్డు లెక్క తీయడం ఎలా?

మున్సిపల్ బడ్జెట్ పుస్తకం చేతికొస్తే చాలామంది నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తారు. ఊరి లెక్కంతా ఒకేసారి అర్థం చేసుకోబోతే ఎవరికైనా అంతే. మీ వీధిలో ఈమధ్య వేసిన సీసీ రోడ్డో, కట్టిన డ్రైనో ఒకటి ఎంచుకోండి. దాని డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి వెళ్లింది, ఆ మేరకు పని నేల మీద ఉందా? ఒక్క పనికి ఈ మూడూ చూడడం వస్తే మిగతా పుస్తకం చదవడం తేలికవుతుంది. ఇక్కడ చెప్పే పద్ధతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలకు వర్తిస్తుంది.

కావలసినవి: ఒక నోటుబుక్కు, పొడవాటి కొలత టేపు, సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల ఫీజు, రెండు మూడు నెలల ఓపిక.

1. బడ్జెట్‌లో ముందు పాత అంకె చూడండి

ప్రతి పద్దు ఎదురుగా సాధారణంగా మూడు అంకెలుంటాయి: గత ఏడాది నిజంగా అయిన ఖర్చు, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. సమావేశాల్లో ఘనంగా చదివేది మూడోది. మీరు మొదటిది చూడండి. ఏటా కోట్లు రాసి, చివరికి లక్షలే ఖర్చు పెట్టే పద్దులు దాంతోనే బయటపడతాయి.

తర్వాత ఆదాయం. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సులు, భవన అనుమతుల ఫీజులు, దుకాణాల అద్దెలు... ఇవి సాధారణ నిధులు. వీటిని ఎలా వాడాలన్నది చాలావరకు కౌన్సిల్ ఇష్టం. గ్రాంట్లు అలా కాదు. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే. మీ రోడ్డు ఏ నిధితో వేశారో తెలియకుండా ప్రశ్న వేస్తే ‘అది వేరే గ్రాంటండీ’ అనే జవాబుతో వెనక్కి రావాల్సి ఉంటుంది.

2. డీసీబీ అడగండి

డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్: రావలసిన పన్ను ఎంత, వచ్చింది ఎంత, మిగిలింది ఎంత. ‘నిధుల్లేవు’ అనే మాటకు అసలు కారణం చాలాసార్లు ఈ పట్టికలోనే దొరుకుతుంది. ప్రైవేటు ఆస్తుల బకాయిలు, ప్రభుత్వ కార్యాలయాల బకాయిలు విడివిడిగా తీసుకోండి.

3. పని కాగితాలకు దరఖాస్తు పెట్టండి

సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం మున్సిపల్ ఆఫీసులోని సమాచార అధికారికి రాయండి. ‘రోడ్డు ఎందుకు పాడైంది?’ అని రాయకండి. చట్టం రికార్డులు ఇప్పిస్తుంది గానీ సంజాయిషీలు ఇప్పించదు. పని పేరు, వార్డు, ఆర్థిక సంవత్సరం రాసి, వీటి నకళ్లు అడగండి:

- అంచనా, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి
- టెండర్ వివరాలు, ఒప్పందం (టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇచ్చిన పనైతే ఆ ఉత్తర్వు)
- ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీలు
- నాణ్యత పరీక్ష నివేదిక
- చెల్లించిన బిల్లులు, తేదీలు
- ఆ ఏడాది ఆడిట్ నివేదిక, అభ్యంతరాలకు ఇచ్చిన జవాబులు

అన్నిటికన్నా ముఖ్యమైంది ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. పొడవు, వెడల్పు, మందం కొలిచి ఇంజినీరు రాసేది అందులోనే, బిల్లు తయారయ్యేదీ దాని ఆధారంగానే. సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డులనే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఆ మాట కూడా దరఖాస్తులో రాయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ఫీజు కట్టిన రసీదు, దరఖాస్తు అందినట్టు ముద్ర తీసుకోవడం మాత్రం మరవకండి.

4. తేదీలు లెక్కపెట్టుకోండి

జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే, లేదా సగం సగం వస్తే, మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో మొదటి అప్పీలు వేయండి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి నకళ్ల రుసుము తీసుకోకూడదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయవచ్చు.

5. టేపు పట్టుకుని వీధిలోకి రండి

ఎం-బుక్‌లో సీసీ రోడ్డు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకోండి. కాంక్రీటు 45 ఘనపు మీటర్లు. మీ టేపుకు వెడల్పు 2.8 మీటర్లే వచ్చిందంటే 42 అవుతుంది. మిగతా మూడింటికీ బిల్లు వెళ్లిందన్నమాట. వెడల్పు ఒక్కచోట కొలిచి వదలకండి, నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. అంచున కనిపించే మందం లోపల ఉండకపోవచ్చు. దానికి కాంక్రీటులోంచి ముక్క కోసి చూసే కోర్ కట్ పరీక్షే సరైన దారి. దాన్ని చేయించమని రాతపూర్వకంగా అడగండి.

ఒకే వీధి పనిని రెండు మూడు ముక్కలు చేసి వేర్వేరు అంచనాలు వేశారేమో కూడా చూడండి. టెండర్ పిలవకుండా నామినేషన్ మీద ఇవ్వడానికి ఇలా చేస్తుంటారు.

6. తేడా వస్తే తొందరపడకండి

తేడా కనిపించినంత మాత్రాన అవినీతి అని రాసేయకండి. మధ్యలో అంచనా సవరించి ఉండవచ్చు. ముందు వార్డు అసిస్టెంట్ ఇంజినీరు(ఏఈ)ని కలిసి రెండు కొలతలూ చూపించి వివరణ అడగండి. జవాబు నిలవకపోతే ఒకే పేజీలో రాయండి: ఎం-బుక్ కొలత, మీ కొలత, చెల్లించిన మొత్తం. దాన్ని కమిషనర్‌కు ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. నకలు ఆడిట్ శాఖకు, మీ కౌన్సిలర్‌కు పంపండి. ఒప్పందంలో లోపాల బాధ్యత కాలం ఎంతో చూసుకోండి. అది ముగియకముందే ఫిర్యాదు చేరితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాల్సి ఉంటుంది.

వీలైతే ఈ పనంతా జనవరిలోపు ముగించండి. సాధారణంగా ఆ తర్వాత వచ్చే ఏడాది బడ్జెట్ కౌన్సిల్ ముందుకొస్తుంది. అప్పుడు మీ వార్డు పద్దు మీద కౌన్సిలర్ అడగాల్సిన ప్రశ్నను అంకెలతో సహా మీరే రాసివ్వగలరు.